ఓటు గుట్టు, ఊరి మాట: ఏజెన్సీలో మన ఓటు చరిత్ర

ఎన్నికలు వచ్చాయంటే మన ఊళ్ళకు జీపులు వస్తాయి. ఒక పార్టీ వాళ్ళు పొద్దున్నే, ఇంకో పార్టీ వాళ్ళు మధ్యాహ్నం, మూడో పార్టీ వాళ్ళు చీకటి పడ్డాక. అందరూ అడిగేది ఒకటే: "ఈసారి ఓటు ఎవరికి తాతా?" తాత ముగ్గురికీ ఒకే జవాబు చెబుతాడు: "మీకే బాబూ, ఇంకెవరికి వేస్తాం." ముగ్గురూ సంతోషంగా కొండ దిగుతారు. లెక్కింపు రోజున ఒకరు నవ్వుతారు, ఇద్దరు తిడతారు. "గిరిజనులు మాట మీద నిలబడరు" అని ఒకరంటారు. "అమాయకులు, ఎవరు ఏం చెబితే దానికి తలూపుతారు" అని ఇంకొకరంటారు.

ఈ రెండు మాటలూ మన పిల్లలు పట్నం కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో వింటున్నారు. విని తలదించుకుంటున్నారు. తాత జవాబు వెనక సుమారు నూట ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. అది తెలిస్తే తలదించుకోవాల్సిన పని ఉండదు. అందుకే మన సంఘం వెలువరిస్తున్న ఈ ప్రత్యేక సంచికలో ఒక ప్రశ్న తీసుకున్నాం. మనవాళ్ళు ఓటు ఎందుకు అలా వేస్తారు? వేసింది ఎందుకు చెప్పరు?

ఓటు లేని కాలం

1839లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి, కోర్టుల నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టింది. అక్కడ కలెక్టరు ప్రభుత్వానికి 'ఏజెంటు'. మనం ఇప్పటికీ వాడే 'ఏజెన్సీ' అన్న పేరు అలా వచ్చిందే. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం వచ్చింది. 1935 భారత ప్రభుత్వ చట్టం ఇలాంటి ప్రాంతాల్లో కొన్నింటిని 'మినహాయించిన ప్రాంతాలు' అనీ, కొన్నింటిని 'పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు' అనీ విడదీసింది. మన కొండలు రెండో రకంలోకి వచ్చాయి. పేరు మారినా సారం ఒకటే: మిగతా దేశానికి వర్తించేది ఇక్కడ నేరుగా వర్తించదు.

ఆ చట్టం కిందే 1937లో ఎన్నికలు జరిగాయి. మద్రాసు శాసనసభలో 215 స్థానాలుంటే వెనుకబడిన ప్రాంతాలకు, తెగలకు కలిపి కేటాయించింది 1. ఓటు హక్కు ఆస్తిని బట్టి, కట్టే పన్నును బట్టి, చదువును బట్టి ఉండేది. దేశం మొత్తం మీద సుమారు 3 కోట్ల మందికే ఆ హక్కు దక్కింది. పోడు కొట్టుకుని బతికే కుటుంబానికి పట్టా లేదు, శిస్తు రసీదు లేదు, ఊళ్ళో బడి లేదు. ఓటు ఎక్కడి నుంచి వస్తుంది? నిజాం ఏలుబడిలోని గోండు, కొలాం గూడేలకు ఆ మాత్రం కూడా లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణమిచ్చింది అడవి మీద, భూమి మీద హక్కు కోసం. ఓటు అనే మాటే అప్పటికి ఆ అడవిని చేరలేదు.

విశాఖ, గోదావరి కొండల్లో ముఠాదారు ఉండేవాడు. శిస్తు వసూలు అతనిదే, ఊరి మీద పెత్తనం అతనిదే. వెట్టి చేయాలి. అప్పు తీరకపోతే గొత్తి కింద పాలేరుగా ఉండాలి. గొత్తిని ఆపడానికి 1940లో మద్రాసు ప్రభుత్వం ప్రత్యేకంగా రెగ్యులేషన్ తేవాల్సి వచ్చింది. ముఠాలు చట్టప్రకారం రద్దయింది మాత్రం 1969 రెగ్యులేషన్‌తోనే. ఈ తేదీని గుర్తు పెట్టుకోండి. స్వతంత్రం వచ్చాక 1952, 1955, 1957, 1962, 1967 ఎన్నికలు ఇంకా ముఠాలు ఉండగానే జరిగాయి. భూమి ఎవరి చేతిలో ఉందో, అప్పు ఎవరి దగ్గర ఉందో, వాళ్ళ ఎదుట మన ముత్తాతలు మొదటి ఓట్లు వేశారు.

నిర్ణయం తీసుకోవడం మాత్రం మనవాళ్ళకు కొత్త కాదు. పండగ ఎప్పుడు చేయాలి, ఏ కొండ మీద పోడు కొట్టాలి, తగవు ఎలా తీర్చాలి అన్నవి చెట్టు కింద కూర్చుని అందరూ సరే అనేదాకా మాట్లాడుకునేవాళ్ళు. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా చెప్పింది కూడా ఇదే. ఆదివాసులకు ప్రజాస్వామ్యం ఎవరూ నేర్పనక్కర్లేదు, వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి అన్న అర్థం వచ్చేలా ఆయన మాట్లాడారు. కొత్తగా వచ్చింది ఒంటరిగా, తెర వెనక, ఎవరికీ చెప్పకుండా నిర్ణయించుకునే పద్ధతి.

1952: తెర వెనక ఇనప పెట్టెలు

1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి వరకు జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో 17 కోట్ల మందికి పైగా ఓటర్లు. ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు. 21 ఏళ్ళు నిండితే చాలు. చదువు రానివాళ్ళ కోసం ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అతికించారు. ఓటరు కాగితం తీసుకుని తెర వెనక్కి వెళ్ళి, నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావాలి. కాగితం మీద ఏ ముద్రా వేయనక్కర్లేదు. ఇందులో ఒక లొసుగు ఉండేది. కాగితాన్ని పెట్టెలో వేయకుండా దాచుకుని బయటికి తెచ్చి ఎవరికైనా ఇచ్చేయవచ్చు. అందుకే కాగితం మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది. 1962 ఎన్నికల నాటికి అది అంతటా అమలైంది.

ఆ మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం లోక్‌సభ స్థానానికి ఇద్దరు సభ్యులు. ఆ రోజుల్లో అలాంటి ద్విసభ్య స్థానాలు ఉండేవి. ఓటరుకు రెండు ఓట్లు, ఒక స్థానం రిజర్వుడు. విశాఖ నుంచి గెలిచిన ఇద్దరూ స్వతంత్ర అభ్యర్థులే. ఒకరు లంకా సుందరం. రెండోవారు గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు వెంట 1922 పితూరీలో నడిచిన గాం సోదరుల్లో ఒకరు, అండమాన్ శిక్ష అనుభవించి వచ్చిన మనిషి. ఏ సర్కారు మీద తిరగబడి ఖైదయ్యారో, ఆ సర్కారు పోయాక ఢిల్లీ సభలో కూర్చున్నారు.

ఆయనకు ఎవరెవరు ఓటేశారో, ఎందుకు వేశారో మనకు తెలియదు. పితూరీ గుర్తుండి వేసినవాళ్ళు ఉండవచ్చు, చుట్టరికం చూసి వేసినవాళ్ళు ఉండవచ్చు, గుర్తు నచ్చి వేసినవాళ్ళు ఉండవచ్చు. తెర వెనక జరిగింది తెర వెనకే ఉండిపోయింది. ముఠాదారు, షావుకారు, ఫారెస్టు గార్డు చూస్తుండగా చేతులెత్తి వేయాల్సి వస్తే లెక్క ఎలా ఉండేదో మీరే ఆలోచించండి.

ఆడపిల్లలు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకోటి ఉంది. ఆ ఎన్నికల జాబితాల తయారీలో దేశవ్యాప్తంగా, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు తీసేయాల్సి వచ్చింది. వాళ్ళు తమ పేరు చెప్పకుండా 'ఫలానా ఆయన భార్య', 'ఫలానా ఆయన కూతురు' అని చెప్పుకున్నారు. పేరు చెప్పకపోతే ఓటు లేదు. ఓటు ఎవరికో చెప్పకపోయినా ఫర్వాలేదు గానీ, ఓటరుగా మన పేరు మనం చెప్పాల్సిందే.

గుట్టు ఎవరి కోసం

రహస్య ఓటు అనాదిగా ఉన్నది కాదు. బ్రిటన్‌లో 1872 దాకా ఓటరు అందరి ముందూ అభ్యర్థి పేరు పైకి చెప్పాలి. ఎవరు ఎవరికి వేశారో పుస్తకాలు అచ్చు వేసి అమ్మేవారు కూడా. భూస్వామికి నచ్చని పేరు చెప్పిన కౌలుదారు కౌలు పోగొట్టుకునేవాడు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాలు 1856లో రహస్య ఓటు తెచ్చాయి. బ్రిటన్ ఆ తర్వాత 16 ఏళ్ళకు నేర్చుకుంది. బలహీనుడు బలవంతుడి ముందు నిలబడి నిజం చెప్పలేడు కాబట్టి ఆ గుట్టు పుట్టింది.

మన 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఈ విషయంలో గట్టిగా ఉంది. ఎన్నికల విధుల్లో ఉన్నవాళ్ళు ఓటు రహస్యాన్ని కాపాడాలని 128వ సెక్షన్ చెబుతుంది. ఎవరికి ఓటు వేశావో చెప్పమని సాక్షిని గానీ, మరెవరినైనా గానీ బలవంతపెట్టకూడదని 94వ సెక్షన్ చెబుతుంది. న్యాయస్థానంలో కూడా చెప్పనక్కర్లేని విషయాన్ని ఊరి నాయకుడికో, కాంట్రాక్టరుకో చెప్పాల్సిన పని మనకేముంది?

దీనికి ఎదురుగా ఇంకో నియమం ఉంది. రాజ్యసభ ఎన్నికల్లో పార్టీకి చెందిన ఎమ్మెల్యే తన ఓటు కాగితాన్ని ఆ పార్టీ ఏజెంటుకు చూపించి వేయాలి. 2003లో ఈ మార్పు వచ్చింది. అంటే మన తరఫున వేసేవాడు చూపించాలి, మనం చూపించనక్కర్లేదు. అధికారం ఉన్నవాడి ఓటు బయట, లేనివాడి ఓటు లోపల.

ఎందుకు అలా వేస్తాం

ఇప్పుడు మొదటి ప్రశ్న. మనవాళ్ళు ఎందుకు అలా వేస్తారు? డబ్బుకు, మందుకు అని బయటివాళ్ళు ఒక్క మాటలో తేల్చేస్తారు. డబ్బు లేదని మనం అనం. కానీ అదొక్కటే కాదు.

ఊరంతా కూర్చుని ఒక మాట అనుకుని వేయడం మనలో ఉంది. బయటికి గొర్రెల మందలా కనిపిస్తుంది. లోపల లెక్క వేరే. నూట యాభై ఓట్ల గూడెం పది ముక్కలైతే ఎవరూ లెక్కచేయరు. ఒక్కటిగా ఉంటే రోడ్డు గురించి, బోరు గురించి మాట్లాడటానికి వస్తారు. నిండు చూలాలిని డోలీలో మోసుకుని కొండ దిగిన ఊరికి రోడ్డు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పోడు పట్టా ఇంకో కారణం. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినవాళ్ళు ఇచ్చినవాళ్ళను గుర్తుపెట్టుకుంటారు, రానివాళ్ళు ఆపినవాళ్ళను గుర్తుపెట్టుకుంటారు. ఇవి కాక చుట్టరికం ఉంది, మన తెగవాడు అన్న అభిమానం ఉంది, కష్టంలో ఆసుపత్రికి బండి పంపినవాడి మీద కృతజ్ఞత ఉంది, భయం ఉంది. ఒకే మనిషిలో ఇవన్నీ కలిసి ఉంటాయి. ఏది ఎంత అని ఆ మనిషికే తెలియకపోవచ్చు.

డబ్బు విషయంలో మనల్ని కట్టిపడేసేది నోటు కంటే ఒట్టు. డబ్బు చేతిలో పెట్టి, దేవత ముందు, పసుపు బియ్యం మీద, పిల్లల తల మీద ప్రమాణం చేయిస్తారు. మన పెద్దలకు ఇచ్చిన మాట తప్పడమంటే ప్రాణం పోయినంత పని. ఆ సంగతి ఇచ్చేవాడికి బాగా తెలుసు. మన మంచితనాన్నే తాడుగా పేని మన చేతులకు కడుతున్నాడు.

దీని మీద చట్టం ఏమంటుందో ప్రతి గూడెంలోనూ చెప్పాలి. ఓటుకు డబ్బు ఇవ్వడం నేరం, తీసుకోవడం కూడా నేరం. అంతే కాదు, ఫలానా విధంగా ఓటు వేయకపోతే దైవకోపం తగులుతుందని నమ్మించడాన్ని కూడా చట్టం అక్రమ ప్రభావం కిందే లెక్కపెడుతుంది. పాత శిక్షాస్మృతిలో ఇది 171-సి సెక్షన్‌లో ఉండేది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 171వ సెక్షన్‌లో ఉంది. దేవతను అడ్డం పెట్టుకుని తీసుకున్న మాటకు చట్టంలో విలువ లేదు. మన ఆచారంలో మాత్రం ఉంటుందా? బలవంతంగా చేయించిన ప్రమాణాన్ని ఊరి పెద్దలే కూర్చుని విప్పేసిన సందర్భాలు మన తగవుల్లో లేవా? ఈ మాట పెద్దలతో మాట్లాడాల్సింది మీ తరమే.

ఎందుకు చెప్పం

రెండో ప్రశ్న, ఎందుకు చెప్పరు అన్నది. చెప్పకపోవడం మనకొక్కరికే ఉన్న గుణం కాదు. 2004లో దేశమంతా ఎగ్జిట్ పోల్స్ ఒకటి చెబితే ఫలితం ఇంకోటి వచ్చింది. 2024లో మళ్ళీ అంచనాలు ఫలితానికి చాలా దూరంగా పడ్డాయి. అమెరికాలో 1982లో కాలిఫోర్నియా గవర్నరు పదవికి పోటీ చేసిన నల్లజాతి నాయకుడు టామ్ బ్రాడ్లీ సర్వేల్లో ముందుండి ఓటింగ్‌లో ఓడిపోయాడు. అడిగినవాడి ముందు మంచిగా కనిపించాలని జనం ఒకటి చెప్పి లోపల ఇంకోటి చేశారని పలువురు విశ్లేషించారు. అనుభవమున్న సర్వే సంస్థలకు ఈ సంగతి తెలుసు. అందుకే లోక్‌నీతి లాంటి సంస్థ సర్వేలో ఉత్తుత్తి బ్యాలెట్ కాగితం ఇచ్చి, మడిచి పెట్టెలో వేయమంటుంది. నోటితో అడగదు.

మన దగ్గర చెప్పకపోవడానికి ఇంకా బలమైన కారణాలున్నాయి. మనిషి ఓటు రహస్యమే గానీ, గూడెం ఓటు రహస్యం కాదు. యంత్రాలు వచ్చాక ఫలితాలు బూతుల వారీగా బయటికి వస్తాయి. పట్నంలో వెయ్యి ఓట్ల బూతులో ఎవరు ఎటో తేలదు. కొండ మీద మూడు గూడేలకు ఒక బూతు ఉంటే, ఏ గూడెం ఎటు మొగ్గిందో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. "మీ ఊరు మాకు వేయలేదు" అన్న మాట ఎన్నికల తర్వాత వినని ఊరు ఉందా? కాగితం ఓట్ల కాలంలో అనేక బూతుల కాగితాలు కలిపి లెక్కించే వీలు నిబంధనల్లో ఉండేది. యంత్రాల ఓట్లు కూడా అలా కలిపి లెక్కించడానికి టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో ఇచ్చిన 255వ నివేదిక దాన్ని సమర్థించింది. అది అమల్లోకి రాలేదు. మన సంఘాలు అడగాల్సిన డిమాండ్లలో ఇదొకటి. దీని లాభం అందరికంటే ఎక్కువగా చిన్న గూడేలకే.

వేలి మీది సిరా సంగతి కూడా అలాంటిదే. 'వేశాను' అని అది చెబుతుంది, 'ఎవరికి' అని చెప్పదు. కానీ బహిష్కరణ పిలుపు ఉన్న అడవి ఊళ్ళల్లో ఆ 'వేశాను' అన్నదే ప్రాణభయమైన రోజులు మనం చూశాం. ఒకవైపు ఓటు ఎందుకు వేయలేదని అడిగేవాళ్ళు, ఇంకోవైపు ఎందుకు వేశావని అడిగేవాళ్ళు. మధ్యలో నోరు మూసుకోవడం తెలివైన పని.

ఇక నోటా. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో ఈ బటన్ వచ్చింది. అంతకుముందు ఎవరికీ వేయనివాళ్ళు ఆ సంగతి అధికారికి చెప్పి రిజిస్టరులో సంతకం చేయాల్సి వచ్చేది. గుట్టు పోయేది. ఎవరూ నచ్చలేదని చెప్పేవాడికి కూడా రహస్యం హక్కేనని కోర్టు అంది. 2019లో మన అరకు లోక్‌సభ స్థానంలో నోటాకు 47 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. దేశంలోనే ఎక్కువ నోటా పడిన స్థానాల్లో అదొకటి. నిరసన అన్నారు కొందరు. బటన్ల వరుసలో చివరిది కాబట్టి తెలియక నొక్కారు అన్నారు ఇంకొందరు. అంతమంది నొక్కినా, "నేనే నొక్కాను, ఇందుకు నొక్కాను" అని బయటపడి చెప్పినవాళ్ళు ఎంతమంది? కోపం నిజమే అయితే అది ఎక్కడ మాట్లాడాలో ఆ చోట మాట్లాడకుండా బటన్‌కే వదిలేశామా అని మనల్ని మనం అడగాలి.

గుట్టు ఒకచోట, గొంతు ఒకచోట

మా హాస్టల్లో ఏటా పిల్లలు తమ లీడరును ఎన్నుకుంటారు. చేతులెత్తమంటే ముందు అందరూ పదో తరగతి అక్కల వైపు చూస్తారు. అక్కల చేతులు ఎటు లేస్తే చిన్నవాళ్ళ చేతులు అటే లేస్తాయి. చీటీలు వేయిస్తే లెక్క మారుతుంది. మెస్‌లో అందరికీ సమానంగా వడ్డించే పిల్ల, రాత్రి జ్వరమొస్తే లేచి మమ్మల్ని పిలిచే పిల్ల పేరు చీటీల్లో వస్తుంది. అదే పిల్లలను "భోజనంలో ఏం మార్చాలి, నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగించాలి" అని అడిగినప్పుడు చీటీలు పనికిరావు. నిలబడి, అందరి ముందూ, నోరు విప్పి చెప్పాలి. మనిషిని ఎన్నుకోవడానికి గుట్టు, విషయం తేల్చుకోవడానికి గొంతు. పెద్దల ప్రపంచంలోనూ ఇదే వరస.

ఆ గొంతు ఉండాల్సిన చోటు గ్రామసభ. 1996 పెసా చట్టం మన షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు ప్రత్యేకమైన స్థానం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని నియమాలు 2011లో వచ్చాయి. గ్రామసభ ఏం చేయగలదో చూపించింది మన పొరుగునే ఉన్న నియమగిరి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అక్కడ బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ జులై, ఆగస్టు నెలల్లో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 ఊళ్ళలో గ్రామసభలు జరిగాయి. కువి మాట్లాడే డోంగ్రియా కోందులు, మన కొండల్లోని కోదుల బంధువులే, పోలీసుల మధ్య, అధికారుల మధ్య నిలబడి తమ నియమరాజు కొండను ఇవ్వబోమని చెప్పారు. 12కు 12 ఊళ్ళూ వద్దన్నాయి. అక్కడ బ్యాలెట్ పెట్టె లేదు, తెర లేదు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడారు.

మన దగ్గర చాలాచోట్ల ఇది తలకిందులైంది. పోలింగు రోజు ఎవరికి వేశామో ఒట్టేసి చెబుతున్నాం. గ్రామసభ రోజు ఎవరో రాసుకొచ్చిన తీర్మానం మీద చదవకుండా వేలిముద్ర వేస్తున్నాం. రహస్యంగా ఉండాల్సింది బయటపెట్టి, బయటికి చెప్పాల్సింది మింగేస్తున్నాం. డిగ్రీలు చదువుతున్న మీరు సరిచేయాల్సింది ఇదే.

కొత్తగా 18 నిండిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కొన్ని సంగతులు. ఓటు యంత్రం పక్కన అద్దం వెనక కనిపించే చీటీ మీద మీ పేరు ఉండదు. ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది. "మాకు తెలిసిపోతుంది" అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. ఈ ఒక్క మాట ఊళ్ళో ముసలివాళ్ళకు ఓపికగా చెప్పండి. ఇంట్లో అమ్మ ఓటు నాన్న ఓటు కాదు, మీ ఓటు కూడా కాదు. ఆమెను ఎవరికి వేశావని అడగకండి, ఎవరికి వేయాలో చెప్పకండి. గ్రామసభ ఎప్పుడో తెలుసుకుని వెళ్ళండి. తీర్మానం పైకి చదివి వినిపించమనండి, మన భాషలో చెప్పించమనండి, ఆ తర్వాతే సంతకం.

ఇంకో పని కూడా ఉంది. ఈ చరిత్రలో చాలా భాగం ఇంకా ఏ పుస్తకంలోనూ లేదు. పెట్టెల కాలంలో ఓటు వేసినవాళ్ళు ఊరికి ఒకరిద్దరైనా మిగిలి ఉంటారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళ దగ్గర కూర్చోండి. ఎవరికి వేశావని కాదు, ఎలా వేశావని అడగండి. ఎంత దూరం నడిచారు, ఎవరు తీసుకెళ్ళారు, తెర వెనక ఏమనిపించింది, బయట ఎవరు నిలబడి ఉన్నారు. చెప్పినంత రాసుకోండి, చెప్పనిది వదిలేయండి. రాసినవి మన సంఘానికి పంపితే వచ్చే సంచికలో వేసుకుందాం.